లాక్‌డౌన్‌లో మనసు సంగతి అడగాలంటే: వాట్సాప్ లింకా, ఫోన్ కాలా?

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైన కొద్ది రోజులకే వాట్సాప్ గ్రూపుల్లోకి లింకులు వచ్చిపడ్డాయి. లాక్‌డౌన్‌లో మీ మనసు ఎలా ఉందో చెప్పండి, ఐదు నిమిషాల పనే, మీవాళ్లకీ పంపండి అని. ఇంటింటికీ తిరిగే వీలు లేదు కాబట్టి పరిశోధకులకు మిగిలినవి ముఖ్యంగా రెండు దారులు: ఇలా ఫామ్ పంపడం, లేదా ఫోన్ చేసి అడగడం. మళ్లీ అలాంటి రోజులొస్తే ఏది మేలు?

లింకుకు ఖర్చు దాదాపు లేదు, జవాబులు వెంటనే వస్తాయి. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2020 ఏప్రిల్‌లో చేసిన ఆన్‌లైన్ సర్వేకి ఆ నెలలోనే 1,871 మంది జవాబిచ్చారు. లెక్కలోకి తీసుకున్న 1,685 మందిలో 40.5 శాతానికి యాంగ్జైటీ గానీ డిప్రెషన్ గానీ ఉన్నట్టు తేలింది. వింటే భయం వేసే అంకె. కానీ ఎవరిలో 40 శాతం?

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో ఇంటింటికీ వెళ్లి చేసిన జాతీయ సర్వేలో, అప్పటికి ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్న పెద్దవాళ్లు 10.6 శాతం. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి "నాలుగింతలైంది" అనడం పొరపాటు. అక్కడ శిక్షణ పొందినవాళ్లు ఎదురుగా కూర్చుని అడిగారు, ఇక్కడ ఎవరికి వారు ఫామ్ నింపుకున్నారు. పైగా జవాబిచ్చినవాళ్లే వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. కూలి పనులు ఆగిపోయి, రేషన్ బియ్యం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన ఎంతోమంది ఆడవాళ్ల దాకా ఆ లింకు వెళ్లే దారే లేదు. లక్షమంది నింపినా ఈ లోటు తీరదు, ఆ లక్షమందీ ఒకే రకం ఇళ్ల నుంచి వస్తే.

అలాగని తప్పంతా ఆన్‌లైన్‌ది అనను. బ్రిటన్‌లో ఏళ్ల తరబడి అవే కుటుంబాలను పలకరించే ఒక సర్వే ఉంది. 2020 ఏప్రిల్‌లో వాళ్లు కూడా ఇంటర్నెట్‌లోనే అడిగారు. మానసిక ఒత్తిడి బాగా ఉన్నవాళ్లు 2018-19లో 18.9 శాతం, అప్పటికి 27.3 శాతం. ఈ పెరుగుదలను నేను నమ్ముతాను, ఎందుకంటే ఎవరిని అడగాలో వాళ్లు కరోనాకి ముందే ఎంచుకున్నారు. దొరికినవాళ్ల జవాబుతో సరిపెట్టుకోలేదు.

ఇక ఫోన్. బటన్ ఫోన్ చాలు, చదువు రాకపోయినా జవాబు చెప్పొచ్చు. "గడిచిన రెండు వారాల్లో దిగులుగా అనిపించిందా?" అంటే, "దిగులేం లేదమ్మా, రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు, గుండె దడగా ఉంటోంది" అనే పెద్దావిడ మాట ఫామ్‌లో ఎక్కడా పట్టదు. అడిగే మనిషి వింటే అది అందుతుంది.

కానీ ఫోన్‌లోనూ ఒక చిక్కుంది. ఎదుటి గొంతుకి సిగ్గుపడి మనుషులు బాధ తగ్గించి చెబుతారు, మొహం చూడని ఫామ్‌కి ఇంకొంచెం నిజం చెబుతారు. లాక్‌డౌన్‌లో అయితే పక్క మంచం మీదే భర్త, అత్తగారు. ఆ ఫోన్ కొడుకుది, స్పీకర్ ఆన్‌లో ఉంది. అందుకే ముందు "ఇప్పుడు ఒక్కరే ఉన్నారా, మళ్లీ ఎప్పుడు చేయమంటారు?" అని అడగాలి. ప్రశ్నలు కూడా "అవును", "కాదు" అంటే సరిపోయేలా ఉండాలి, పక్కవాళ్లకి ఏ సంగతో తెలియకుండా.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది వేరే ఉంది. డిప్రెషన్‌ని అంచనా వేయడానికి ఎక్కువగా వాడే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నల పట్టికలో తొమ్మిదో ప్రశ్న చనిపోవాలనే ఆలోచనల గురించి. అర్ధరాత్రి ఎవరో ఆ ప్రశ్న కింద "దాదాపు ప్రతిరోజూ" అని నొక్కుతారు. పేరు, నంబరు ఇవ్వరు. ఆ జవాబు ఒక షీట్‌లో ఒక వరుసై కూర్చుంటుంది, వారం తర్వాత ఎవరో తెరిచి చూస్తారు. ఫోన్‌లో అయితే ఆ మాట విన్న మనిషి లైన్ కట్ చేయకుండా, అక్కడికక్కడే కౌన్సెలర్‌కి కలపగలరు. ఇప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది కానీ అది మొదలైంది 2022 అక్టోబరులో. కనీసం ఆ నంబరైనా స్క్రీన్ మీద వెంటనే కనిపించేలా పెట్టలేని ఫామ్, ఆ తొమ్మిదో ప్రశ్న అడగకూడదు.

కాబట్టి ఒక కాలేజీ విద్యార్థులందరి జాబితా చేతిలో ఉంటే లింకే మంచిది: పిల్లలకి అలవాటు, గుట్టుగానూ ఉంటుంది. ఒక జిల్లాలో ఎంతమంది బాధపడుతున్నారు, ఎవరు ఎక్కువ బాధపడుతున్నారు అన్నది తెలియాలంటే మాత్రం నా ఓటు ఫోన్‌కే, ముందే ఎంచుకున్న జాబితాతో. ఆ జాబితా కరోనా లాంటిది వచ్చాక తయారుకాదు. నిమ్హాన్స్ 2015-16లో తిరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు, కాబట్టి అక్కడి నుంచీ మనకి జాబితా దొరకదు. ఇకమీదట మన ఊళ్లలో ఏ ఆరోగ్య సర్వే జరిగినా చివర్లో ఇంకో రెండు ప్రశ్నలు కలపాలి: మళ్లీ ఫోన్ చేస్తే మీకు ఇష్టమేనా, మీరు ఒక్కరే ఉండే వేళ ఏది?