గుసగుసా, మామూలు గొంతా: హల్లుల్లో కాకువును వెతకడానికి ఏది మేలు?

విశాఖలో ధ్వనిశాస్త్రం మొదలుపెట్టిన విద్యార్థులు నన్ను తరచుగా ఒకే ప్రశ్న అడుగుతారు: వాక్యపు కాకువు, అంటే మాటలో గొంతు లేచి దిగే తీరు, హల్లుల మీద వేసే ముద్రను చూడాలంటే మామూలు మాటను రికార్డు చేయాలా, గుసగుసనా?

మామూలు మాటలో సౌలభ్యం ఎక్కువ. స్వరతంత్రులు కంపిస్తాయి కనుక ధ్వనిని విశ్లేషించే ప్రాట్ సాఫ్ట్‌వేర్ తెరపై స్వరరేఖ, అంటే గొంతు హెచ్చుతగ్గులు చూపే గీత, కనిపిస్తుంది; దాని పక్కనే ఊష్మాలను (స, శ వంటి రాపిడి హల్లులను) కొలవవచ్చు. జర్మన్ భాషపై ఓలివర్ నీబూర్ 2012లో ప్రచురించిన పరిశీలన ఇటువంటిదే. స్వరం లేచి ముగిసే మాటల చివర ఊష్మాల రాపిడి పై పౌనఃపున్యాల వైపు జరుగుతుందని అందులో తేలింది. అయితే స్వరమే స్పష్టంగా వినిపిస్తున్నప్పుడు శ్రోత హల్లును పట్టించుకున్నాడో లేదో చెప్పడం కష్టం.

నా దృష్టిలో నిర్ణాయకమైనది ఇదే: శ్రోతకు తేలికైన ఆధారాలన్నీ తీసేయాలి. గుసగుసలో తంత్రులు కంపించవు కనుక స్వరరేఖే ఉండదు. అయినా ప్రశ్న ప్రశ్నలా వినిపించిందంటే, ఆ ఆనవాలు రాపిడి తీరులోనో, నిడివిలోనో, బిగువులోనో, అచ్చుల అనునాదాల్లోనో ఉండి తీరాలి. తెలుగులో మరో జాగ్రత్త కూడా కావాలి. ‘వచ్చాడా’ అంటే ఆ చివరి దీర్ఘమే గుట్టు విప్పేస్తుంది. అందుకే విశాఖ మద్దిలపాలెంలో ఒకరు ‘ఇది కాంప్లెక్స్ బస్సు’ (ఆర్టీసీ కాంప్లెక్స్‌కు వెళ్లేది) అంటే, నమ్మలేని మరొకరు అక్షరం మార్చకుండా ‘ఇది కాంప్లెక్స్ బస్సు?’ అని తిరిగి అడిగే సందర్భాన్ని ఎంచుకోవాలి. పైగా అందులో సకారాలకు కొదవ లేదు.

గుసగుసకూ లోపాలున్నాయి. సరళాలు పరుషాలకు దగ్గరైపోయి బ, ప కలగాపులగమవుతాయి. కాబట్టి కొలతలను స, శ, క, త వంటి వాటికే పరిమితం చేయడం మంచిది. ధ్వని చాలా బలహీనం కనుక గదిలో ఫ్యాను ఆపాలి. రామకృష్ణా బీచ్‌లో రికార్డు చేద్దామని ఒక విద్యార్థి ఉత్సాహపడ్డాడు గానీ, కెరటాల హోరు కూడా సకారం లాంటి రొదే కదా! ఫోన్ కాల్ రికార్డింగులూ పనికిరావు. పాత తరహా టెలిఫోన్ లైను 3,400 హెర్ట్జ్ దగ్గరే కోసేస్తుంది, సకారపు బలం చాలామటుకు అంతకు పైనే ఉంటుంది. రికార్డింగుకు 44,100 హెర్ట్జ్ నమూనా రేటు (ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు నమోదు చేయాలో చెప్పే అంకె) పెట్టుకుంటే చాలు.

గొంతు కొంత కలిసిన సగం గుసగుస మనిషికో తీరుగా ఉంటుంది, మొదటి ప్రయత్నానికి వద్దు.

నేనైతే ఒకే వ్యక్తి చేత ముందు గుసగుసలో, తరువాత పోలిక కోసం మామూలు గొంతుతో అవే వాక్యాలు చెప్పిస్తాను. మైకు మాత్రం రెండుసార్లూ ఒకే దూరంలో, నోటికి ఎదురుగా కాక కాస్త పక్కగా ఉండాలి. లేకపోతే మైకుకు తగిలిన ఊపిరినే సకారమనుకొని కొలుస్తాము.