ఓపెన్‌కాస్ట్ పక్కన వాగు: కాంక్రీటు కాలువ మేలా, మట్టి వాగు మేలా?

సింగరేణి ఓపెన్‌కాస్టులు, అంటే భూమిని పైనుంచి తవ్వి బొగ్గు తీసే గనులు, గోదారి పొంటి ఉంటయ్, మాలాంటోళ్లం డ్రాయింగులు గీసేది మాత్రం హైదరాబాద్‌లో కూసోని. గనికి అడ్డొచ్చే వాగును పక్కకు మళ్లించే ఫైలు చేతికి రాగానే కొత్త పిల్లలు అడిగేది ఒకటే, "అన్నా, సాపుగా తవ్వి కాంక్రీటు లైనింగ్ కొట్టేస్తే అయిపోదా, ఈ వంకరలెందుకు?" అని. బొగ్గు తీసే కొన్నేళ్ల కోసమే అయితే అట్ల చేయడం తప్పేం కాదు, కానీ గని మూసినంక కూడా వాగు అటే పారాలంటే నా ఓటు వంకరలతో, గడ్డి గట్లతో ఉండే మట్టి వాగుకే.

3 కిలోమీటర్ల వాగు 6 మీటర్లు దిగుతుందనుకుందాం, అంటే 500కి 1 వాలు. దాన్ని సాపు చేసి 2 కిలోమీటర్లకు కుదించినా దిగేది అదే 6 మీటర్లు కదా, వాలు 333కి 1 అయితది. లోతు, గరుకు ఏం మారకపోయినా వేగం ఐదో వంతు పైనే పెరుగుతది, కాంక్రీటు నున్నగా ఉంటది కాబట్టి ఇంకా ఎక్కువే. ఆ దెబ్బ కాలువలో కనబడదు, లైనింగ్ అయిపోయి పాత వాగులో కలిసే చోట పడతది, అక్కడ గుంత పడి గట్లు కూలి కింది ఊరోళ్ల పొలాల్లో ఇసుక మేట వేస్తది. నల్లరేగడి అయితే ఇంకో తలనొప్పి, వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోయి పలకల్ని లేపేస్తది, కింద ఉబ్బని మొరం పొర పోయకపోతే పగుళ్లు ఖాయం.

ఒక్క చోట మాత్రం లైనింగే కరెక్ట్. కాలువ గని అంచుకు దగ్గరగా పోతుంటే నీళ్లు ఇంకి గని గోడలోకి దిగుతయ్, గోడ జారితే కింద మనుషులుంటరు, మెషిన్లుంటయ్. అక్కడ ఖర్చు చూడొద్దు.

ఎంత వరదకు కట్టాలన్నది కూడా మళ్లింపు కొన్నేళ్లకా, శాశ్వతానికా అన్నదాన్ని బట్టే. అమెరికాలో ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల మీద తెచ్చిన 1977 చట్టం కింద ఉన్న రూల్స్‌లో, ఎప్పుడూ పారే వాగైనా సీజన్ వాగైనా, తాత్కాలిక మళ్లింపుకు పదేళ్లకోసారి వచ్చే 6 గంటల వాన, శాశ్వతానికి వందేళ్లకోసారి వచ్చే 6 గంటల వాన లెక్క. ఈ తేడా పెట్టడం నాకు చాలా న్యాయంగా అనిపిస్తది, ఎందుకంటే గని మూతపడ్డాక కట్ట తెగితే చూసే నాథుడు ఉండడు.

ఇగ బురద సంగతి. బొగ్గు మీదున్న మట్టి, రాయి తవ్వి పోసిన గుట్టను ఓబీ డంప్ అంటం, వానకు దాని మట్టే వాగులోకి కొట్టుకొస్తది. చివర్లో మట్టి అడుగుకు దిగేదాకా నీళ్లు నిలబెట్టే పెద్ద సెటిల్లింగ్ పాండ్ కట్టుడా, డంప్ దగ్గరే మట్టిని ఆపుడా? చాలామంది పాండ్ మీదే భారం వేస్తరు, నాకది నచ్చదు. సన్న ఇసుక రేణువు నీళ్లలో సెకనుకు కొన్ని మిల్లీమీటర్లు దిగుతది, నిమిషాల్లో అడుగుకు చేరుతది. అదే 2 మైక్రాన్ల (మిల్లీమీటర్‌లో 500వ వంతు) బంకమట్టి రేణువు, నీళ్లు కదలకుండా నిలబడ్డా రోజుకు 30 సెంటీమీటర్లే, అంటే 3 మీటర్ల పాండ్‌లో పది రోజులు. ముసురు పట్టినప్పుడు పది రోజులు నీళ్లెవరు ఆపుతరు? పటిక వేస్తే గడ్డకట్టి త్వరగా దిగుతది నిజమే, కానీ అంత నీళ్లకు రోజూ వేసుకుంటా పోవాలి. మన రూల్ ప్రకారం గని నుంచి బయటికి వదిలే నీళ్లలో లీటరుకు 100 మిల్లీగ్రాములకు మించి మడ్డి ఉండొద్దు, ఎర్రగా పారే నీళ్లతో అది కుదరదు.

అందుకే నేను చెప్పేది డంప్ దగ్గరే ఆపమని: డంప్ వాలు తగ్గించి మెట్లలా బెంచీలు కొట్టడం, కింద అంచుకు జారే మట్టిని ఆపే టో వాల్, చుట్టూ వాన నీళ్లు పట్టే గార్లాండ్ డ్రెయిన్, డంప్ ఎదుగుతుండగానే గడ్డి విత్తనం చల్లడం. డంప్ పూర్తయ్యాక చల్లుదాంలే అంటే ఈలోపు వానాకాలాలు పోతయ్, మట్టి కూడా పోతది. పాండ్ ఉండాలె, కాకపోతే మిగిలింది పట్టడానికి. దాని పూడిక కూడా దూరంగా పోయాలి, మన నాలాల పక్కన కుప్పలు పోసినట్టు గట్టు మీదే పోస్తే మొదటి వానకే మళ్లీ లోపలికి.

మట్టి వాగు ఎంచుకున్నోళ్లు టైము మాత్రం ముందే చూసుకోవాలి. కొత్త దారిని కింది కొస నుంచి పైకి తవ్వుకుంటా వచ్చి, గట్ల మీద గడ్డి ఒక వానాకాలం వేళ్లూనుకున్నాకే పైన అడ్డుకట్ట తీయాలి, పచ్చి మట్టి మీదికి జూన్‌లో వాగును వదలొద్దు.