సీప్యాప్ యంత్రం బాగుంది, మాస్కుతోనే అవస్థ పడ్డాం

మా ఆయన గురక పెడుతున్నంతసేపూ నాకు ధైర్యంగానే ఉండేది. అది ఆగినప్పుడే లేచి కూర్చుని గడియారం చూసేదాన్ని. 15 సెకన్లు, 20, ఒకసారి 40. తరువాత ఉక్కిరిబిక్కిరవుతూ ఊపిరి అందుకునేవారు. పొద్దున అడిగితే ఏమీ గుర్తుండేది కాదు. రక్తపోటుకు మూడు రకాల మాత్రలు వేసుకుంటున్నా పై అంకె 150 కిందకు దిగేది కాదు. రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేస్తుంటే షుగరేమో అనుకున్నాం, పరీక్షలో అదీ లేదు. నిద్ర ఎలా పడుతోందని మొదట అడిగినవారు గుండె డాక్టరుగారే.

పరీక్ష ఇంట్లోనే, ఒక్క రాత్రి. ముక్కు దగ్గర సన్నని గొట్టం, ఛాతీకి పట్టీ, వేలికి క్లిప్పు. గంటకు 38 సార్లు శ్వాస ఆగడమో బాగా తగ్గడమో జరుగుతోందని తేలింది. 5 లోపు ఉంటే మామూలు, 30 చేరితే తీవ్రం. నిద్రలో గొంతు మూసుకుపోయి శ్వాస ఆగే ఈ జబ్బును స్లీప్ అప్నియా అంటారట. గొంతు మూసుకుపోయిన ప్రతిసారీ ఆక్సిజన్ పడిపోతుంది, ఒళ్లు ఉలిక్కిపడి అడ్రినలిన్ విడుదలవుతుంది, రాత్రివేళ దిగాల్సిన రక్తపోటు ఎగబాకుతుంది. మూసుకున్న గొంతుతో గాలి కోసం పెనుగులాడుతుంటే గుండె పై గదులు సాగుతాయి. ఒంట్లో నీరు ఎక్కువైందని భ్రమపడిన గుండె, మూత్రాన్ని పెంచే హార్మోను వదులుతుంది. నాలుగుసార్లు లేవడం వెనక ఇంత కథ ఉందని విన్నప్పుడు నాకు కళ్లనీళ్లు వచ్చాయి.

నిద్రలో మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా ఉంచేదే సీప్యాప్. ఎనిమిది నెలలుగా వాడుతున్న ఈ యంత్రం మీద నాకు ఫిర్యాదు లేదు. చప్పుడు దాదాపు లేదు, గాలి ఒత్తిడిని తానే సర్దుకుంటుంది. తేమ గిన్నెలో రోజూ డిస్టిల్డ్ వాటర్ మార్చాలి, అంతే. కోపమంతా అమ్మిన వారి మీద. ముఖం కొలత చూడకుండా ఒక మాస్కు చేతిలో పెట్టి పంపారు. గాలి కళ్లలోకి కొట్టేది, ముక్కు దూలం మీద పుండు పడింది. తొమ్మిదో రాత్రి ఆయన దాన్ని తీసి పక్కన పెట్టేశారు. మూడో మాస్కు, ముక్కు రంధ్రాల కింద ఆనుకునే చిన్న మెత్తలది, కుదిరింది.

ఇప్పుడు గంటకు 3 సార్లే. మూత్రానికి ఒకసారి లేస్తున్నారు. పై అంకె 134, డాక్టరుగారు ఒక మాత్ర మోతాదు తగ్గించారు. అందరికీ ఇంత తేడా రాదని, సగటున రెండు మూడు అంకెలే తగ్గుతుందని కూడా ఆయనే చెప్పారు. గుండె, మెదడు రక్తనాళాల జబ్బులున్న 2,717 మందిపై చేసి 2016లో ప్రచురించిన పరిశోధనలో సీప్యాప్ వల్ల గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. అయితే వాళ్లు సగటున రాత్రికి 3.3 గంటలే పెట్టుకున్నారు. అది తెలిశాక, పొద్దున యంత్రం తెర మీద నేను ముందు చూసేది ఎన్ని గంటలు పెట్టుకున్నారన్న అంకెనే. నిన్న 6 గంటల 40 నిమిషాలు.

కొనేవారు మాస్కు పెట్టుకుని, యంత్రం ఆన్ చేయించుకుని, పడుకుని రెండు పక్కలకూ తిరిగి చూడాలి. కూర్చుని చూస్తే గాలి ఎక్కడ కారుతోందో తెలియదు. అందుకు ఒప్పుకోని చోట కొనకండి.