పక్క రాష్ట్రం పోలీసు బండి సిగ్నల్ దాటితే: ఆపడం మేలా, కెమెరాకు వదిలేయడం మేలా?

ఈమధ్య కోర్టు దగ్గర టీ కొట్టులో ఒకరు, సాయంత్రం వాకింగ్‌లో ఇంకొకరు ఇదే ప్రశ్న వేస్తున్నారు. "లాయరు గారూ, పక్క రాష్ట్రం పోలీసు బండి మన ఊళ్లో రాంగ్ రూట్లో వస్తే మనవాళ్లు ఆపి చలానా రాయాలా, ఫొటో కొట్టి వదిలేయాలా?" హైదరాబాద్ హైవే, చెన్నై–కోల్‌కతా హైవే రెండూ విజయవాడలోనే కలుస్తాయి. బయటి నంబరు పోలీసు బండ్లు మనకు రోజూ కనిపిస్తాయి. అందుకే ఈ ప్రశ్న.

సైరన్ వేసుకుని ప్రాణాల మీదకు వచ్చిన పని మీద పోతున్న పోలీసు బండికి ఎర్ర సిగ్నల్ దాటే వెసులుబాటు ఉంది. మిగతా వేళల్లో వాళ్లకూ మనకూ రూలు ఒకటే. ఇంతవరకూ అందరికీ తెలుసు. అంతగా తెలియంది 2019 సవరణలో వచ్చిన 210-బి సెక్షన్. మోటారు వాహనాల చట్టాన్ని అమలు చేయాల్సినవాళ్లే దాన్ని ఉల్లంఘిస్తే జరిమానా రెట్టింపు. సిగ్నల్ దాటడం, ఎదురు దారిలో నడపడం 184 సెక్షన్ కిందికి వస్తే మొదటిసారి వెయ్యి నుంచి ఐదు వేలు. పోలీసు అయితే రెండు వేల నుంచి పది వేలు. సొంత రాష్ట్రంలో అయితేనే అన్న మాట ఆ సెక్షన్లో ఎక్కడా లేదు. కాబట్టి బయటి రాష్ట్రం పోలీసుకూ వర్తిస్తుందనే నేను చదువుకుంటాను.

సరే, చట్టం ఉంది. అమలు చేసేదెవరు? నా దృష్టిలో అసలు విషయం ఇదే.

పోయిన వేసవిలో బస్టాండు దగ్గర కంట్రోల్ రూమ్ జంక్షన్లో రోడ్డు దాటడానికి నిలబడ్డాను. పక్క రాష్ట్రం నంబరున్న పోలీసు ఇన్నోవా ఒకటి ఎదురు దారిలో వచ్చింది. సైరన్ లేదు, పైన లైటు వెలగడం లేదు. డ్యూటీలో ఉన్న హోంగార్డు, పాతికేళ్లుంటాయేమో ఆ అమ్మాయికి, చెయ్యెత్తి ఆపింది. డ్రైవరు అద్దం సగం దించి "డిపార్ట్‌మెంటమ్మా" అన్నాడు.

"సైరన్ వేయలేదు కదా సార్."

"లోపల ముద్దాయి ఉన్నాడు, జరుగు."

నేను తొంగి చూశాను. వెనక సీట్లో ముద్దాయి ఎవరూ లేరు. మఫ్టీలో ఒక పెద్దాయన, పక్కన ముంజల కవరు. ఆయన కళ్లజోడు సవరించుకుని, "మీ సీఐ ఎవరమ్మా? నంబరివ్వు" అన్నాడు. అప్పటికే వెనక సిటీ బస్సు హారన్ కొడుతోంది, బస్టాండు వైపు బండ్లు ఆగిపోయాయి. ఆ అమ్మాయి చెయ్యి నెమ్మదిగా కిందికి దిగింది. బండి వెళ్లిపోయింది.

ఆపి చలానా రాయడం మీద నాకున్న అభ్యంతరం అంతా ఆ దిగిన చెయ్యే. కాగితం మీద ఆ పద్ధతికి వంక పెట్టలేం. ఎవరు నడుపుతున్నారో అక్కడికక్కడే తేలుతుంది, లైసెన్సు చూడొచ్చు, తాగి ఉంటే దొరికిపోతాడు, డ్యూటీ నిజమో కాదో తెలుస్తుంది. కానీ ఎండలో నిలబడి ఆపాల్సింది హోంగార్డో, కానిస్టేబులో. బండిలో కూర్చున్నది సీఐ కావచ్చు, డీఎస్పీ కావచ్చు. రాష్ట్రం వేరైనా సెల్యూట్ ఒకటే. ఒకవేళ బండిలో నిజంగానే ముద్దాయి ఉంటే? అరెస్టు చేసినవాణ్ని, ప్రయాణానికి పట్టే సమయం పోను, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. జంక్షన్లో పావుగంట వాదన పెట్టుకుంటే ఆ గడియారం ఆగదు.

ఆపిన మనిషికి తర్వాత ఏమవుతుందో చెప్పడానికి అమెరికా ఉదాహరణ ఒకటుంది. 2011 అక్టోబరులో ఫ్లోరిడా హైవే పెట్రోల్ అధికారిణి ఒకావిడ, గంటకు 120 మైళ్ల వేగంతో, అంటే సుమారు 193 కిలోమీటర్లతో, పోతున్న మయామీ పోలీసు కారును వెంటాడి ఆపింది. తుపాకి చూపించి, బేడీలు వేసింది. ఆయన వెళ్తున్నది దొంగను పట్టుకోవడానికి కాదు, డ్యూటీ అయ్యాక చేసుకునే ప్రైవేటు పనికి. మరుసటి ఏడాది ఆయన ఉద్యోగం పోయింది. ఆవిడకు మెడల్ వచ్చిందనుకుంటున్నారా? 25 శాఖలకు చెందిన 88 మంది పోలీసులు ఆవిడ డ్రైవింగ్ లైసెన్సు వివరాలను పని లేకుండా 200 సార్లకు పైగా తెరిచి చూశారని ఆవిడే కోర్టుకెక్కాల్సి వచ్చింది. అది రెండు రాష్ట్రాల గొడవ కూడా కాదు, ఒకే రాష్ట్రంలో రెండు శాఖలు.

మన దేశంలో సంగతి ఇంకోలా ఉంటుంది. చలానా కాస్తా కక్ష అవుతుంది. 2024 అక్టోబరులో హర్యానా మహిళా కానిస్టేబులు ఒకామె రాజస్థాన్ ఆర్టీసీ బస్సులో యాభై రూపాయల టికెట్ తీసుకోనని కూర్చుంది. ఆ వీడియో బయటికి రాగానే హర్యానాలో రాజస్థాన్ బస్సులకు వరసగా చలానాలు పడ్డాయి. రాజస్థాన్‌లో హర్యానా బస్సులకు బదులు పడ్డాయి. ఆ నెలకు ముందు ఆ బస్సులన్నీ బుద్ధిగా నడిచాయని కాదు. తప్పులు ఎప్పుడూ ఉన్నవే, రాసే చేతికి కోపం వచ్చింది, అంతే. రేపు మనవాళ్లు బెంజి సర్కిల్లో రెండు బండ్లు ఆపితే, ఎల్లుండి మన బందోబస్తు బండ్లు గరికపాడు దగ్గర తెలంగాణ సరిహద్దు దాటాక ఏం చూస్తాయో ఊహించుకోండి.

అందుకే నేను కెమెరా వైపు మొగ్గుతాను. కెమెరాకు ర్యాంకు లేదు. "మీ సీఐ ఎవరు" అని దాన్ని ఎవరూ అడగలేరు. ఈ రాష్ట్రం, ఆ రాష్ట్రం అని చూడదు, కక్ష కట్టదు. 2021 ఆగస్టులో కేంద్రం తెచ్చిన రూలు ప్రకారం కెమెరా సాక్ష్యంలో నంబరు ప్లేటు, తేదీ, సమయం, చోటు కనిపించాలి. తప్పు జరిగిన పదిహేను రోజుల్లో నోటీసు వెళ్లాలని అప్పుడు పెట్టారు. కెమెరాలు తప్పనిసరిగా పెట్టాల్సిన నగరాల జాబితాలో విజయవాడ, గుంటూరు రెండూ ఉన్నాయి. పైగా నిజంగా అత్యవసరమైతే బండి ఆగక్కర్లేదు, లెక్క తర్వాత చెప్పుకోవచ్చు. ముద్దాయీ సమయానికి చేరతాడు, చలానా కూడా.

దీనికీ ఒక లోపం ఉంది, దాచను. నోటీసు వెళ్లేది బండి యజమానికి. పోలీసు బండికి యజమాని డిపార్ట్‌మెంటు. నడిపినవాడి జేబు కదలకుండా ఖజానా నుంచి కడితే, ఆ జరిమానా కట్టింది మీరూ నేనూ. ఇక్కడే లాగ్ బుక్ పనికొస్తుంది. ప్రతి ప్రభుత్వ బండికీ ఏ రోజు ఎవరు నడిపారు, ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు అన్నది రాసి, అధికారి సంతకం ఉంటుంది. చలానాతో పాటు ఆ పేజీ కాపీ అడగండి, డ్రైవరు పేరు బయటికొస్తుంది.

ఇంకో చిన్న కిటుకు. వేరే రాష్ట్రంలో అరెస్టుకు వెళ్లేవాళ్లు అక్కడి స్టేషన్‌కు సమాచారం ఇవ్వాలని ఢిల్లీ హైకోర్టు 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. అది ఢిల్లీ మాటే అయినా పద్ధతి దాదాపు అన్ని చోట్లా అదే. మన స్టేషన్ జనరల్ డైరీలో, అంటే రోజూ జరిగింది రాసే పుస్తకంలో, ఆ ఎంట్రీ ఉంటే డ్యూటీ మాట నిజం. ఎంట్రీ లేకుండా "ఇక్కడ పట్టుకున్న ముద్దాయి ఉన్నాడు" అంటే, ముంజలే.

వాళ్ల ఎస్పీకి ఉత్తరం రాయడం మూడో దారి. చలానా కాపీ, లాగ్ బుక్ ప్రశ్న జతచేస్తే పనికొస్తుంది. ఉత్తి ఉత్తరమైతే ఫైల్లో పడి నిద్రపోతుంది. వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం గురించి అడిగినవాళ్లూ ఉన్నారు. పెట్టుకోండి, నాలుగు రోజులు నవ్వుకుంటారు.

ఆపక తప్పని సందర్భాలూ లేకపోలేదు. డ్రైవరు తాగి ఉన్నట్టు కనిపించినా, ఎవరినైనా గుద్ది పోతున్నా కెమెరా దాకా ఎదురు చూడనక్కర్లేదు. అప్పుడు కూడా ముందుకు రావాల్సింది ఎస్సై స్థాయి మనిషి. హోంగార్డును ముందుకు తోసి, వైర్‌లెస్ సెట్టులో "చూసుకో" అనడం కాదు.

ఆ రోజు ఇన్నోవా వెళ్లిపోయాక ఆ అమ్మాయి ట్రాఫిక్ వదిలి, చెమట తుడుచుకుని, ఫోన్ తీసింది. బండి వెళ్లిపోతుండగా నంబరు ప్లేటు ఫొటో కొట్టిందట, నేను గమనించలేదు. "చలానా రాస్తావా అమ్మా?" అని అడిగాను.

"నేను రాయకూడదు సార్. మా ఎస్సై గారికి పంపించాను," అంది. ఫోన్ జేబులో పెట్టుకుని, ఎదురుగా వస్తున్న ఆటోకు మళ్లీ చెయ్యెత్తింది.