ఒకే నంబర్‌లో అన్ని తేడాలా, అన్ని నంబర్లూ ఒక్కొక్కటా? పాత లయొనెల్ గూడ్స్ పెట్టెలు కూడబెట్టేవాళ్లకి ఏది మేలు

మా బావ తాడిపత్రిలో ఉంటాడు, నేను గుంతకల్లులో. ఇద్దరికీ ఒకటే ఇష్టం, బొమ్మ రైళ్లు చేసే అమెరికా లయొనెల్ కంపెనీ వాళ్ల 6464 వరస బాక్స్‌కార్లు, అంటే మన బీసీఎన్ వ్యాగన్‌లాగా పైన మూత ఉండే గూడ్స్ పెట్టెలకి చేసిన బొమ్మలు. బావ ఒక్కో నంబర్‌కి ఒక్కో పెట్టె కొంటాడు. నేను రెండు మూడు నంబర్లే పట్టుకుని వాటిలో ఎన్ని తేడాలు దొరికితే అన్నీ కొంటాను. పండక్కి కలిసినప్పుడల్లా ఇదే వాదన. ఈ మధ్య కొత్తగా మొదలుపెట్టాలనుకునే ఇద్దరు ముగ్గురు అడిగారు, అందుకే రాస్తున్నా. నా ఓటు లోతుకే, ముందే చెప్పేస్తున్నా. కానీ బావ దారిలో ఉన్న మంచి కూడా దాచను.

ముందు అసలు ఈ తేడాలు ఎలా వచ్చాయో తెలియాలి. ఈ వరస 1953లో నాలుగు పెట్టెలతో మొదలైంది: 6464-1 వెస్టర్న్ పసిఫిక్, 25 గ్రేట్ నార్తర్న్, 50 మినియాపోలిస్ అండ్ సెయింట్ లూయిస్, 75 రాక్ ఐలండ్ (ముందున్న 6464 వదిలేసి వెనక అంకెలే రాస్తున్నా). 1960లో న్యూయార్క్ సెంట్రల్ పేరుతో వచ్చిన 900 దాకా నంబర్లు పెరుగుతూ పోయాయి, 1960లు అయిపోయేదాకా ఏవో ఒకటి తయారవుతూనే ఉన్నాయి. పిల్లలు ఆడుకోవడానికి చేసిన వస్తువు కదా, ఫ్యాక్టరీలో ఆరోజు ఏ రంగు ప్లాస్టిక్ ఉంటే దాంతో ఒళ్లు పోసి పైన రంగు కొట్టేసేవాళ్లు. ఒళ్లు పోసే అచ్చు కూడా ఒకటే ఉండలేదు. పక్కల మీద రాతలు, బొమ్మలు పెద్దవవుతుంటే చోటు కోసం రివెట్ల వరసల్లో కొన్ని చెరిపేశారు. తలుపుల్లో రకాలున్నాయి. కింద చక్రాలు బిగించే చట్రాలు, వాటినే ట్రక్కులంటారు, మొదట లోహంతో ఉండేవి, 1957 నుంచి ప్లాస్టిక్‌వి రావడం మొదలైంది. ఇవన్నీ కలిపి లెక్కేస్తే ఒకే నంబర్ మీద, ఒకే రైల్వే పేరు మీద, దూరం నుంచి ఒకేలా కనిపించే పెట్టెలు ఎన్నో రకాలుగా తేలతాయి.

బావ దారి చూడటానికి నిజంగా బాగుంటుంది, అది ఒప్పుకోవాల్సిందే. అద్దాల బీరువా తెరిస్తే నీలం, వెండి, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ, ఒక్కో పెట్టె మీద ఒక్కో రైల్వే గుర్తు. ఇంటికొచ్చిన పిల్లలు అక్కడినుంచి కదలరు. మొదటి పదిహేను ఇరవై పెట్టెలు తొందరగానే చేరతాయి, ఎందుకంటే అవి వేలకి వేలు తయారైనవి. చిక్కు తర్వాత వస్తుంది. 1957లో ఆడపిల్లల కోసమని లేత గులాబీ ఇంజన్‌తో ఒక సెట్ తీశారు, అది అమ్ముడుపోలేదు. ఆ సెట్‌లోవే 510, 515 నంబర్లు. అమ్ముడుపోలేదు కాబట్టి ఇప్పుడు తక్కువ దొరుకుతాయి, తక్కువ దొరుకుతాయి కాబట్టి ధర భయంకరంగా ఉంటుంది. 825 అలాస్కా, 325 బాల్టిమోర్ అండ్ ఒహాయో సెంటినెల్ కూడా చేతికి అంత సులువుగా అందవు. బావ వరస మూడేళ్లుగా అక్కడే ఆగిపోయింది. ఆ నాలుగు ఖాళీలు చూసి ఆయన పడే బాధ నాకు తెలుసు. మిగతా పెట్టెల మీద సంతోషం కూడా ఆ ఖాళీలు తినేస్తున్నాయి.

నా దారిలో అలా ఆగిపోవడం లేదు. ఉదాహరణకి 425 న్యూ హేవెన్ తీసుకోండి, నలుపు పెట్టె, మామూలు పెట్టె, ఎక్కువగానే దొరుకుతుంది. దాని మీద ఉండే పెద్ద ‘ఎన్’ అక్షరం కొసన అడ్డగీత కొన్నిటిలో పూర్తిగా ఉంటుంది, కొన్నిటిలో సగమే ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టేదాకా నాకు ఆ తేడా కనపడలేదు, కనపడ్డాక ఇక కళ్లు అక్కడికే పోతాయి. 475 బోస్టన్ అండ్ మెయిన్ అయితే నీలంలోనే ఎన్నో ఛాయలు. తలుపు జరిపి టార్చి వేసి లోపల చూస్తే ఒళ్లు ఏ రంగు ప్లాస్టిక్‌తో పోశారో తెలుస్తుంది, అక్కడ రంగు పడదు కదా. 275 స్టేట్ ఆఫ్ మెయిన్‌లో ఎరుపు, తెలుపు, నీలం పట్టీలు తలుపు మీద కూడా ఉన్నవి వేరు, తలుపంతా ఒకే రంగు ఉన్నవి వేరు. అమ్మేవాళ్లలో చాలామంది ఇంత లోతుగా చూడరు, మామూలు పెట్టె అనే పెడతారు, మనం ఫొటో పెద్దది చేసి రివెట్లు లెక్కపెట్టుకుని తెలిసి కొనుక్కోవచ్చు. డబ్బు తక్కువున్నవాడికి ఇంతకంటే మంచి దారి నాకు కనపడలేదు.

కానీ ఒక గట్టి హద్దు పెట్టుకోవాలి. ప్రతి తేడా వెనకా పరిగెత్తకూడదు. 175 రాక్ ఐలండ్ వెండి రంగు పెట్టె మీద అక్షరాలు మామూలుగా నీలం, నల్ల అక్షరాలున్నది అరుదు. 6464-1లోనూ అంతే, నీలం మామూలు, ఎరుపు అరుదు. ఈ అరుదైన రంగుల్లోనే మోసం ఎక్కువ. నేనే ఒకసారి ఒక అమ్మకందారు దగ్గర నల్ల అక్షరాల 175 కొని, నెల రోజులు ఎదురుచూసి, కస్టమ్స్ కూడా కట్టి ఇంటికి తెచ్చుకున్నాక భూతద్దంలో చూస్తే అక్షరాల అంచున సన్నగా నీలం బయటపడింది. పైన ఎవరో నలుపు దిద్దారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటినుంచి రంగు మారిన అక్షరం, రంగు మారిన ఒళ్లు అంటే చేతిలోకి తీసుకుని చూడకుండా కొనను. ఎండకి, రసాయనాలకి కూడా రంగు మారుతుంది. అచ్చు తేడా, ట్రక్కు తేడా, తలుపు తేడా అయితే మోసం చేయడం వల్ల వాళ్లకి పెద్దగా లాభం లేదు, కాబట్టి భయం తక్కువ. తలుపులు, ట్రక్కులు మాత్రం ఒకదాంట్లోవి తీసి ఇంకోదానికి పెట్టేస్తారు, ఒళ్లు ఏ కాలందో, ట్రక్కు ఏ కాలందో పొంతన చూసుకోండి.

పోస్టు ఖర్చు బాధ ఇద్దరికీ ఒకటే, అక్కడినుంచి వీలైతే రెండు మూడు పెట్టెలు కలిపి తెప్పించండి.

మన ఎండల సంగతి మాత్రం మర్చిపోవద్దు. రేకుల గదిలో, కిటికీ పక్కన వీటిని పెట్టారంటే ఏప్రిల్, మే నెలల్లోనే రంగు పోతుంది. ఈ బొమ్మలు వచ్చిన పాత అట్టపెట్టెలకి చెదలు పడితే ఇంకా నష్టం, ఆ అట్టపెట్టెకి కూడా విలువ ఉంది.

తేడాలు చూసే కన్ను అలవాటు కావాలంటే అమెరికా దాకా పోనక్కర్లేదు. గుంతకల్లు యార్డు పక్కన గేటు దగ్గర ఆగినప్పుడు బొగ్గు రేక్, అంటే బొగ్గు గూడ్స్ బండి, పోతుంటే చూడండి. వ్యాగన్ మీద 11 అంకెల నంబర్ ఉంటుంది: మొదటి రెండూ ఏ రకం వ్యాగనో, తర్వాతి రెండూ ఏ రైల్వేదో, ఆ తర్వాతి రెండూ ఏ ఏడాది తయారైందో, ఆపైన నాలుగు దాని సొంత నంబర్, చివరిది సరిచూసుకునే అంకె. అదే రేక్‌లో బాక్స్‌ఎన్ అనే పైన మూత లేని వ్యాగన్ పక్కన స్టెయిన్‌లెస్ స్టీల్‌తో చేసిన బాక్స్‌ఎన్‌హెచ్‌ఎల్ కనపడితే ఒళ్లు తేడా వెంటనే తెలుస్తుంది. ఖాళీ బరువు మొదటిదానికి 22.47 టన్నులు, రెండోదానికి 20.6. నాకు ఈ అలవాటు చిన్నప్పుడు మా నాన్న సైకిల్ మీద ముందు కూర్చుని గేటు దగ్గర వ్యాగన్లు లెక్కపెట్టడంతో వచ్చింది.

ఇంట్లో పట్టాలు పరిచి పిల్లలతో బండి నడపాలనుకునేవాళ్లు బావ దారిలోనే పొండి, ఒకే నలుపు పెట్టెలు ఆరు తిరుగుతుంటే పిల్లలకి ఏం బాగుంటుంది. ఒంటరిగా, సాయంత్రం ఒక గంట, భూతద్దం పట్టుకుని కూర్చునే ఓపిక ఉన్నవాళ్లయితే ఒక మామూలు నంబర్ ఎంచుకోండి. నన్నడిగితే 425తో మొదలుపెట్టండి. మొదటి రెండు పెట్టెల్లో ఒకటి పూర్తి అడ్డగీతది, ఒకటి సగం అడ్డగీతది తెప్పించుకుని వాటిని బల్ల మీద పక్కపక్కన పెట్టి చూడండి.