దబేలీ పుట్టిన ఊరికి వెళ్ళొచ్చాం

హైదరాబాద్‌లో మా వీధి చివర ఒక దబేలీ బండి ఉంది. పావ్‌లో మసాలా ఆలూ ముద్ద పెట్టి ఇచ్చే చిరుతిండి అది. ఆఫీసు నుంచి వస్తూ అక్కా నేనూ అక్కడ ఆగడం అలవాటు. ఒకరోజు బండి అతన్ని "మీదే ఊరు భయ్యా?" అని అడిగితే "గుజరాత్‌లో కచ్" అన్నాడు. "మా ఊళ్ళో తినాలి మేడమ్, ఆ రుచి వేరు" అని కూడా అన్నాడు. తను అమ్మే వస్తువు గురించి అలా చెప్పిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. జనవరిలో సెలవు దొరకగానే సికింద్రాబాద్ నుంచి రాజ్‌కోట్ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు తీసుకున్నాం.

ముందు అహ్మదాబాద్‌లో దిగాం. పాత నగరంలో 'పోల్' అనే ఇరుకు సందులు ఉంటాయి. వాటిలో ఒక పాత చెక్క హవేలీలో గది తీసుకున్నాం. 2017లో యునెస్కో ఈ నగరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చెక్కిన స్తంభాలు, ఇంటి మధ్యలో చిన్న మండువా, పొద్దున్నే వేడి థేప్లాలు (మెంతాకు రొట్టెలు), మామిడికాయ ఛుందో (తీపి తురుము పచ్చడి). ఉన్నంతసేపూ హాయిగా ఉంది. అయితే ఆటో గుమ్మం దాకా రాదు, సామాను మనమే మోసుకోవాలి. మెట్లు నిటారుగా ఉన్నాయి. అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళు కింది గది దొరికితేనే బుక్ చేయండి.

అక్కడికి నడిచే దూరంలోనే మాణెక్ చౌక్. పొద్దున కూరగాయలు, పగలు బంగారం, వెండి. రాత్రి నగల కొట్లు మూసేశాక అదే చోట తిండి బండ్లు వెలుస్తాయి. అందరూ ఫొటోలు తీసుకునేది చాక్లెట్ సాండ్‌విచ్‌నే. బ్రెడ్‌కి వెన్న దట్టంగా రాసి, చాక్లెట్ తురిమి, దాని మీద చీజ్ గుట్టగా తురుముతారు. ఇంకొకదానిలో జామ్, పైనాపిల్ ముక్కలు, మళ్ళీ చీజ్. ఇంత చీజ్ ఏమిటని మొదట తికమక పడ్డాను. 1946లో పాల రైతులు సహకార సంఘం పెట్టుకున్న ఆనంద్ ఊరు ఇక్కడికి గంటన్నర దూరమేనని గుర్తొచ్చాక ఆశ్చర్యం తగ్గింది. పాడి ఉన్న చోట వెన్నకి, చీజ్‌కి చేయి వెనకాడదు.

పక్క కుర్చీల్లో కాలేజీ కుర్రాళ్ళు కూర్చున్నారు. మేం కొత్తవాళ్ళమని తెలిసి, "ఎలా ఉంది బెన్ (అక్కా)?" అని మా ముఖాల్లోకి చూస్తూ ఉన్నారు. చాక్లెట్ తీపి మీద చీజ్ ఉప్పదనం బాగానే ఉంది, కానీ నాకు నాలుగు ముక్కలు చాలు. అక్క సగం దగ్గర ఆపేసింది. మా ఇద్దరికీ నచ్చింది ఘుఘ్రా సాండ్‌విచ్: క్యాప్సికమ్, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, చీజ్ పెట్టి అంచులు మూసి కాల్చేది. పది దాటితే నిలబడటానికి కూడా చోటుండదు. ముందే ధర అడగండి. ఒక బండి దగ్గర అడగని చీజ్‌కి కూడా డబ్బు తీసుకున్నారు.

మర్నాడు సాయంత్రం నమో భారత్ ర్యాపిడ్ రైల్లో కచ్ జిల్లా కేంద్రం భుజ్ వెళ్ళాం. 2024 సెప్టెంబరులో మొదలైన ఏసీ బండి ఇది, రిజర్వేషన్ ఉండదు. అరగంట ముందే వెళ్ళి సీట్లు పట్టుకున్నాం. రాత్రి 11 దాటాక దిగి లాడ్జికి వెళ్తే మా గది ఇంకెవరికో ఇచ్చేశారు. బుకింగ్ మెసేజ్ చూపించినా, "మేనేజర్ రేపు వస్తారు" అన్నదొక్కటే జవాబు. ఆ అర్ధరాత్రి టెన్షన్ ఎవరికీ వద్దు. భుజ్‌లో రాత్రి దిగేవాళ్ళు ఆ సాయంత్రమే ఫోన్ చేసి గది ఖాయం చేసుకోండి.

భుజ్ నుంచి దబేలీ పుట్టిన ఊరు మాండ్వికి అరవై కిలోమీటర్లు. బస్సులు తరచుగా ఉన్నాయి. ఊళ్ళోకి వెళ్ళగానే రుక్మావతి నది ఒడ్డున సగం కట్టిన చెక్క ఓడలు కనిపిస్తాయి, మేడల్లాగా. వందల ఏళ్ళుగా ఇక్కడ ఓడలు కడుతున్నారు. సముద్రం దగ్గర ఒక పెద్దాయన, ఆయన భార్య నడిపే గెస్ట్‌హౌస్‌లో దిగాం. గది మామూలుగా ఉంటుంది, వేడినీళ్ళు బకెట్లో పట్టి ఇస్తారు. అయినా మొత్తం యాత్రలో నేను మళ్ళీ వెళ్ళి ఉండాలనుకునేది అక్కడే.

దబేలీని 1960లలో ఈ ఊళ్ళోనే కేశవ్‌జీ గాభా చూడాసమా అనే ఆయన మొదలుపెట్టారని చెప్తారు. దబేలీ అంటే 'నొక్కినది'. కచ్‌లో దీన్ని 'డబల్ రోటీ' అని కూడా అంటారు. మన డబుల్ కా మీఠాలో ఉన్నది కూడా ఆ రొట్టె పేరే.

ఒక దబేలీ బండి దగ్గర నిలబడి, అమ్మే అతని చేతులే చూస్తూ ఉండిపోయాను. వెడల్పు పళ్ళెంలో ఎర్రటి ఆలూ ముద్ద, దాని మీద దానిమ్మ గింజలు, కొబ్బరి తురుము పరిచి ఉన్నాయి. ఆ ముద్దలో ధనియాలు, లవంగం, దాల్చినచెక్క, ఎండుమిర్చి కలిపిన మసాలా. పావ్ చీల్చి, ఒక వైపు వెల్లుల్లి కారం, ఒక వైపు చింతపండు ఖర్జూరం చట్నీ రాసి, ముద్ద పెట్టి, మసాలా పల్లీలు కూరి, వేలితో నొక్కి, అంచుల్ని సేవ్‌లో (సన్న కారప్పూసలో) దొర్లించాడు. అంతా అర నిమిషంలో. మా వీధిలో బండి అతను పావ్‌ని వెన్నలో కాలుస్తాడు. ఇక్కడ మేం తిన్న బండి దగ్గర కాల్చలేదు, మెత్తగా అలాగే ఇచ్చాడు. దాంతో పల్లీ కరకర, దానిమ్మ పులుపు విడివిడిగా నోటికి తెలిశాయి. దానిమ్మ, ఖర్జూరం రెండూ కచ్ పొలాల్లో పండేవే. హైదరాబాద్‌లో తిన్నప్పుడు దానిమ్మ గింజల్ని అలంకారం అనుకునేదాన్ని. వాటి పని ఏమిటో ఇక్కడ తిన్నాకే అర్థమైంది.

"చీజ్ దబేలీ ఉందా?" అని అక్క అడిగింది. అతను కోప్పడలేదు. "అది ముంబైలో దొరుకుతుంది బెన్" అని మాత్రం అన్నాడు.

రాత్రి గెస్ట్‌హౌస్ ఆవిడ మా దగ్గర కూర్చుని, "మరి మీ ఊళ్ళో మధ్యలో ఏం పెట్టుకుంటారు?" అని అడిగారు. మాది కాకినాడ. అక్క వచ్చీరాని హిందీలో పెసరట్టులో ఉప్మా పెడతామని చెప్పింది. ఆవిడకి నమ్మకం కుదరలేదు. "పెసర అట్టు లోపల రవ్వ ఉప్మానా? రెండూ పిండే కదా!" అన్నారు. పైన అల్లం ముక్కలు, పక్కన అల్లం పచ్చడి అని అక్క చేతులతో చూపిస్తూ చెప్తుంటే, నాకు మాణెక్ చౌక్ కుర్రాళ్ళ ముఖాలు గుర్తొచ్చాయి. సరిగ్గా వాళ్ళలాగే మేం కూడా ఆవిడ ఒప్పుకోవాలని ఎదురు చూశాం. పొద్దున ఆవిడ పెసలు నానబోసి ఉంచారు! మేం బయల్దేరే లోపు అక్క నాలుగు అట్లు పోసింది. పెనం కొత్త కాబట్టి మొదటిది అంటుకుపోయింది గానీ, మూడోది పెద్దాయన రెండోసారి అడిగి వేయించుకున్నారు.

భావ్‌నగర్‌కి రాత్రి బస్సు. స్లీపర్ అని చెప్పి సీట్ల బస్సు పంపారు, తేడా డబ్బు అడిగినా ఇవ్వలేదు. అక్కడ పావ్ గాఠియా తిన్నాం: పావ్, పల్చటి చట్నీ, మీద వాము వేసిన మెత్తటి శనగపిండి గాఠియాలు. మన కారప్పూసని బ్రెడ్‌తో తిన్నట్టే అనుకుంటే పొరపాటు, చట్నీతో తడిసిన గాఠియా దారి వేరు. దగ్గరలోని ఘోఘా రేవు నుంచి సూరత్ వైపు హజీరా రేవుకి లారీలు, కార్లు ఎక్కించుకుని వెళ్ళే పెద్ద పడవలో నాలుగు గంటలు కూర్చుని సూరత్ చేరాం. ఖంభాత్ గల్ఫ్ చుట్టూ బస్సులో తిరిగి రావడం కన్నా ఇది చాలా సుఖం. అక్కడి నుంచి ఇంటికి రైలు.

మాండ్విలో కొన్న మసాలా పొట్లాల్లో ఒకటి మా వీధి బండి అతనికి ఇచ్చాను. పొట్లం విప్పి వాసన చూసి, కాసేపు అలాగే పట్టుకున్నాడు. తర్వాత "బస్టాండ్ వైపు కొట్లో కొన్నారా, బజార్లోనా?" అని అడిగాడు. బజార్లో అని చెప్పాను. ఆ సాయంత్రం మా ఇద్దరికీ ఆ మసాలాతో విడిగా ముద్ద కలిపి, పావ్ కాల్చకుండా ఇచ్చాడు.