ఇంట్లోంచే వరల్డ్‌కాన్: కొన్నేళ్ల ఆన్‌లైన్ సభ్యత్వం తర్వాత నా సమీక్ష

వరల్డ్‌కాన్ అంటే ప్రపంచవ్యాప్తంగా ఉన్న సైన్స్ ఫిక్షన్ అభిమానులు ఏటా జరుపుకునే సభ. సైన్స్ ఫిక్షన్ ఇష్టపడే స్నేహితులు నన్ను తరచూ అడిగేది ఒకటే: "డబ్బు కట్టి ఆన్‌లైన్‌లో వరల్డ్‌కాన్ చూడటం అవసరమా? చర్చలు యూట్యూబ్‌లో బోలెడు ఉన్నాయి కదా!" చర్చల కోసమే అయితే అవసరం లేదు. నేను మాత్రం ప్రతిసారీ కడుతున్నాను, ఇకమీదా కడతాను. కారణం వేరే ఉంది.

వరల్డ్‌కాన్ 1939లో న్యూయార్క్‌లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో 1942 నుంచి 1945 వరకు ఆగింది తప్ప, ఏటా ఒక్కో ఊళ్లో జరుగుతూనే ఉంది. ఆసియాకి వచ్చింది రెండుసార్లే, 2007లో యొకొహామాకి, 2023లో చెంగ్డూకి. ఇండియాకి ఇంతవరకు రాలేదు. మన దగ్గర్నుంచి వెళ్లాలంటే వీసా, విమానం, హోటల్, ఆఫీసులో వారం సెలవు... పుస్తకాల మీద ప్రేమ ఎంతున్నా జేబు ఒప్పుకోదు. 2020లో కోవిడ్ వచ్చి న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్ సభ మొత్తం ఆన్‌లైన్‌కి మారింది. జులై 29 నుంచి ఆగస్టు 2 వరకు, పూర్తిగా తెరల మీద జరిగిన మొదటి వరల్డ్‌కాన్ అదే. దాన్ని నడిపింది జీతాలు తీసుకునే ఈవెంట్ కంపెనీ కాదు, స్వచ్ఛందంగా పనిచేసే అభిమానులు. మార్చిలో నిర్ణయం తీసుకుని సుమారు నాలుగు నెలల్లో అంత పెద్ద సభను జూమ్‌లోకి, డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లోకి మార్చేశారు. ఆ పనికి నేను ఇప్పటికీ చేతులెత్తి దండం పెడతాను.

ఆన్‌లైన్ సభలో మన అనుభవాన్ని అన్నిటికంటే ఎక్కువగా తేల్చేది గడియారం. వెల్లింగ్టన్‌లో ఉదయం పది అంటే మనకి తెల్లవారుజామున మూడున్నర. 2024లో గ్లాస్గో సభ మనవాళ్లకి వరం, అక్కడ ఉదయం పదింటికి ఇక్కడ మధ్యాహ్నం రెండున్నర. భోజనం చేసి కూర్చుంటే రాత్రి దాకా హాయిగా చూడొచ్చు. 2025లో సియాటిల్ వంతు వచ్చింది. అక్కడ పొద్దున పది మనకి రాత్రి పదిన్నర. పగలు ఉద్యోగం, రాత్రి జాగారం. అందుకే డబ్బు కట్టే ముందు ఊరు చూడండి. అమెరికా పశ్చిమ తీరంలో అయితే సెలవు పెట్టుకోండి. రికార్డింగులు ఉంటాయి కానీ, తర్వాత చూస్తే సగం రుచి పోతుంది.

ఆ రుచంతా పక్కన నడిచే చాట్‌లో ఉంటుంది. వేదిక మీద నలుగురు అంతరిక్ష నౌకల్లో వ్యవసాయం గురించి మాట్లాడుతుంటే, చాట్‌లో ఒకరు మట్టి శాస్త్రం చదివినవాళ్లు, ఇంకొకరు ఆ అంశం మీద వచ్చిన పాత కథలన్నీ నోటికొచ్చినవాళ్లు. గంట ముగిశాక అందరూ డిస్కార్డ్ గదిలోకి వెళ్లి మాటలు కొనసాగిస్తారు. నా పుస్తకాల జాబితాలో సగం అక్కడ తెలియనివాళ్లు చెప్పినవే. నలుగురిలో నోరు విప్పడానికి మొహమాటపడేవాళ్లకి, ఇంగ్లీషు గబగబా మాట్లాడటం అలవాటు లేనివాళ్లకి టైప్ చేసి మాట్లాడటం పెద్ద ఊరట.

రచయితతో కొద్దిమంది కూర్చుని కబుర్లు చెప్పుకునే చిన్న గదులకి ముందుగా పేరు ఇవ్వాలి, సీట్లు వెంటనే అయిపోతాయి. దొరికితే వదలకండి. ఫిల్క్ అనే అభిమానుల పాటల సభ మాత్రం ఆన్‌లైన్‌లో కుంటుతుంది. ఇంటర్నెట్‌లో గొంతులు ఒకదాని వెనక ఒకటి చేరతాయి కాబట్టి కలిసి పాడటం కుదరదు. ఒకరు పాడుతుంటే మిగతావాళ్లు మ్యూట్‌లో ఉండి పెదవులు కదపాలి. అమ్మకాల హాలు, ఆర్ట్ షో తెర మీద తేలిపోతాయి. హాలూ ఆన్‌లైనూ కలిపి నడిపిన ఒక సభలో నా ప్రశ్న చివరిదాకా వేదికకి చేరలేదు. హాల్లో చేతులెత్తినవాళ్లతోనే సమయం అయిపోయింది. చాట్‌ని చదివి ప్రశ్నలు అందించే మనిషిని ప్రతి గదిలోనూ పెట్టాలని నిర్వాహకులందరినీ కోరుతున్నాను. అందరూ తెర మీదే ఉన్న 2020లో ఈ తేడా లేదు.

ఆ ఏడాది, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకి వరల్డ్‌కాన్‌లో ఇచ్చే హ్యూగో అవార్డుల కార్యక్రమం మూడు గంటలు దాటి సాగింది. దాని నిడివి మీద, ఫైనలిస్టుల పేర్లు తప్పుగా పలకడం మీద చాలా విమర్శలు వచ్చాయి. న్యాయమైన విమర్శలే. ఏళ్ల తరబడి రాసి అక్కడిదాకా వచ్చిన మనిషి పేరు సరిగ్గా పలకడం కనీస గౌరవం.

నేను డబ్బు కట్టేది ఆ హ్యూగోల కోసమే. వరల్డ్‌కాన్‌లో టికెట్ ఉండదు, సభ్యత్వం ఉంటుంది. సభ్యులే నామినేట్ చేస్తారు, సభ్యులే ఓటేస్తారు. ఒక్కో విభాగంలో సాధారణంగా ఆరుగురు ఫైనలిస్టులు. నచ్చిన వరుసలో అంకెలు వేయాలి, ఎవరూ తగరనిపిస్తే 'నో అవార్డ్'కీ అంకె వేయొచ్చు. ఓటర్ల కోసం ఇచ్చే ప్యాకెట్‌లో ఫైనలిస్టుల నవలలు, కథలు చాలావరకు ఈబుక్‌లుగా వస్తాయి, ప్రచురణకర్తలు ఒప్పుకున్నంత మేరకు. ఆ వేసవంతా నాకు పండగే.

2023 చెంగ్డూ నామినేషన్ల లెక్కలు 2024 జనవరిలో బయటపడ్డాయి. కొన్ని రచనలని కారణం చెప్పకుండా అనర్హం చేశారని తెలిసి నిజంగా బాధపడ్డాను. గ్లాస్గో వాళ్లు ఆ మచ్చ కడగడానికి గట్టిగా నిలబడ్డారు. ఎవరు ఎందుకు అనర్హులో ఫైనలిస్టుల జాబితాతో పాటే చెప్పారు. ఒక ఫైనలిస్టుని గెలిపించడానికి పడిన 377 దొంగ ఓట్లని తీసేసి, ఆ సంగతి ఫలితాలకు ముందే ప్రకటించారు. నా ఓటుకి విలువ ఉందన్న నమ్మకం నాకు మళ్లీ కలిగింది అప్పుడే.

అయిదు రోజుల్లో రెండు మూడు చర్చలకి మించి చూసే తీరిక లేనివాళ్లకి నేను పూర్తి ఆన్‌లైన్ సభ్యత్వం చెప్పను. ఓటు హక్కు మాత్రమే ఇచ్చే సభ్యత్వం తక్కువ ధరకి వస్తుంది, అది తీసుకోండి. సభ్యత్వం తీసుకున్నాక మరుసటి ఏడాది హ్యూగోలకి కూడా నామినేట్ చేసే హక్కు ఉంటుంది. ఓటుకి మాత్రం ఆ ఏడాది సభ్యత్వమే కావాలి. జనవరి నెలాఖరు లోపల చేరితే ఆ ఏడాది నామినేషన్లు కూడా అందుతాయి.